పోకచెట్టు పాదులో ముగ్గురు చుట్టాలు

అనగనగా ఒక ఊరు. ఆ ఊరు అన్ని ఊళ్ళలా గట్టు మీద లేదు తల్లీ, గోదారి నడుమ ఉంది. అటు చూస్తే నీళ్ళు, ఇటు చూస్తే నీళ్ళు, మధ్యలో చేట బోర్లించినట్టు కాస్త నేల. దాని పేరు గువ్వలలంక.

ఊ కొట్టు మరి. ఊ కొట్టకపోతే కథ దారి తప్పి ఏట్లో పడుతుంది. పొద్దున వాకిట్లో పోక కుండీలోంచి పొన్నగంటి మొక్క పీకేశావని మీ అమ్మ కోప్పడింది కదా. నేను కోప్పడను. ఈ కథ వింటే చాలు.

గువ్వలలంకలో ఇరవై రెండు ఇళ్ళు. అన్నీ తాటాకు పాకలే. ఎందుకంటే ఏటా శ్రావణంలో గోదారికి వరద వస్తుంది. ఎర్రనీళ్ళు లంకంతా ఎక్కేస్తాయి. అప్పుడు జనమంతా పడవలెక్కి అవతలి గట్టుకు పోతారు. నీళ్ళు తీశాక తిరిగి వస్తారు. వచ్చి చూస్తే పాక ఉండదు, దడి ఉండదు, నడిచిన దారి కూడా ఉండదు.

మరి ఎవరి ఇల్లు ఎక్కడో ఎలా తెలిసేది? అందుకని లంకవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇంటికొక పెద్ద మట్టి గోలెం. నువ్వు లోపల కూర్చుంటే తల ఒక్కటే పైకి కనిపించేటంతది. అందులో ఒక పోకచెట్టు. వరద రాగానే ముందు గోలెం పడవెక్కుతుంది, ఆ తర్వాతే మనుషులు ఎక్కుతారు. తిరిగి వచ్చాక గోలెం ఎక్కడ దింపితే అక్కడే ఆ యేటికి ఇల్లు.

చెట్టు చచ్చిపోతేనో అంటావా? చెట్టు చచ్చిన ఇంటివాళ్ళు మళ్ళీ లంకకు రాకూడదు. గట్టు మీదే ఉండిపోవాలి. అది వాళ్ళ తాతల నాటి కట్టుబాటు.

ఆ లంకలో వరాలు అని ఒక పిల్ల ఉండేది. తొమ్మిదేళ్ళది. తండ్రి వీరాసామి రేవులో పడవ నడిపేవాడు. తల్లి పేరు అచ్చియ్యమ్మ. వరాలుకి లెక్కపెట్టడం అంటే పిచ్చి. ఎగిరే గువ్వల్ని లెక్కపెట్టేది. నాన్న తెడ్డు వేసే వేట్లు లెక్కపెట్టేది. ఏటా ఉగాది నాడు లంక ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి అడుగులు లెక్కపెట్టేది.

ఆ యేడు లెక్కపెట్టి పరిగెత్తుకుంటూ వచ్చింది. "నాన్నా! పోయినేడు వెయ్యిన్నీ నలభై అడుగులు, ఈ యేడు వెయ్యిన్నీ పన్నెండే! గోదారి ఇరవై ఎనిమిది అడుగుల నేల తినేసింది!"

వీరాసామి పడవకు తాడు కట్టుకుంటూ నవ్వాడు. "లంక తగ్గలేదే పిచ్చిదానా. నీ కాళ్ళు పొడుగయ్యాయి."

వరాలు కాసేపు ఆలోచించింది. అప్పుడు నాన్న తెడ్డు తీసుకుపోయి, దాన్ని నేల మీద పరిచి పరిచి మళ్ళీ కొలిచింది. తెడ్డు పొడుగవదు కదా! నూట తొంభై తెడ్లు వచ్చింది. ఆ అంకెను పడవ చెక్క మీద బొగ్గుతో రాసి పెట్టుకుంది.

అదే రోజు సాయంత్రం ఇంకో లెక్క చూసింది. వాళ్ళ పోకచెట్టుకు మూడు మట్టలే ఉన్నాయి.

వరాలు పుట్టిన యేడు నాటిన చెట్టు అది. గోలెంలో పెరిగిన చెట్టు కాబట్టి నేల చెట్టంత ఎదగలేదు, వీరాసామి కంటే ఒక మూరెడు ఎత్తు. మట్ట ఊడిన చోటల్లా మాను మీద గాజు తొడిగినట్టు ఒక గీత. సంక్రాంతి ముందు ఏడు మట్టలుండేవి. ఆ తర్వాత అయిదయ్యాయి. ఇప్పుడు మూడు.

ఒక సంగతి గుర్తుపెట్టుకో చిట్టీ. వేపచెట్టుకు కొమ్మ విరిగితే పక్కనుంచి ఇంకో కొమ్మ వేస్తుంది. పోకకు, కొబ్బరికి, తాటికి అలా కుదరదు. చెట్టంతటికీ నడినెత్తిన ఒక్కటే మొవ్వు. ఏ ఆకు రావాలన్నా దానిలోంచే రావాలి. ఆ మొవ్వు ఎండిందా, ఇక ఎన్ని నీళ్ళు పోసినా చెట్టు లేదు.

అచ్చియ్యమ్మకు ఆ చెట్టంటే ప్రాణం. లంకలో అందరూ ప్రతి శుక్రవారం గోలెంలో మట్టిని పేడతో అలికి, దాని మీద ముగ్గు పెట్టేవాళ్ళు. ఇల్లు చూపించే చెట్టు కదా, దాని పాదు కూడా వాకిలిలాగే ఉండాలని. అచ్చియ్యమ్మ మంగళవారం కూడా అలికేది. గడ్డి పరక కనిపిస్తే గోటితో గిల్లేసేది. అందరి గోలేల కంటే మా గోలెమే శుభ్రం అని మురిసిపోయేది.

పక్కింటి పేరిందేవి దడి మీదుగా తొంగి చూసి అంది, "ఏమే అచ్చియ్యమ్మా, మీ గోలెం అద్దంలా మెరిసిపోతోంది. చెట్టుకు మాత్రం జ్వరం వచ్చినట్టుంది."

"నీ కళ్ళు పడ్డాయి మరి!" అంది అచ్చియ్యమ్మ. నోటితో అందే కానీ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మర్నాడు వరాలు గోలెం చుట్టూ తిరిగి చూసింది. అమ్మ కడవతో నీళ్ళు పోస్తోంది. పోసిన నీళ్ళు పోసినట్టే అలికిన మట్టి మీద జారి, అంచు దాటి బయటికి పోతున్నాయి. మట్టి మీద వేలు పెట్టి నొక్కింది. పెంకులా ఉంది. గోలెం ఒక పక్క అంచు విరిగి ఉంది. ఆ విరుగు కింద అమ్మ చెయ్యి దూరని సందులో, రూపాయి కాసంత చోట ఒక చిన్న పొన్నగంటి మొక్క మొలిచి ఉంది. అక్కడ మాత్రం నీళ్ళు గుటుక్కున లోపలికి పోతున్నాయి!

వరాలు ఆ మొక్క పక్కన వేలు పెట్టింది. చల్లగా ఉంది. మెత్తగా ఉంది. ఒక వానపాము వేలిని రాసుకుంటూ పోయింది. ఇంత పెద్ద చెట్టు దాహంతో చచ్చిపోతుంటే, దాని కాళ్ళ దగ్గర ఇంత చిన్న మొక్క చల్లగా నీళ్ళు తాగుతోంది!

"అమ్మా, ఇక అలకొద్దే. చెట్టు పాదులో చిన్న మొక్కలు పెడదాం" అంది.

"చాల్లే! దేవుడి పీట మీద గడ్డి మొలిపిస్తావా? ఉన్న నీళ్ళు అవి తాగేస్తే చెట్టుకేం మిగులుతుంది?"

"ఇప్పుడేం మిగులుతోంది? పోసిన కడవలో ముప్పాతిక వాకిట్లోనే ఉంది చూడు!"

అచ్చియ్యమ్మ వాకిలి వంక చూసింది. నిజమే, అంతా బురద. కడవ కింద పెట్టింది. అప్పుడు అంది, "మూడు మట్టలున్నాయి. మూడు పున్నములు గడువిస్తున్నాను. ఆ తర్వాత మాత్రం నా చెట్టు జోలికి రాకు."

మొదటి పున్నానికి ముందు వరాలు పుల్లతో పేడ పెంకు పగలగొట్టి, తీసేసి, ఒక ఆనపపాదు పెట్టింది. పెద్ద చెట్టుకు పెద్ద తోడు ఉండాలనుకుంది. ఆనపతీగ రోజుకు జానెడు పెరిగింది. మాను చుట్టుకుంది, మట్టలు పట్టుకుంది, మొవ్వు మీద వెడల్పాటి ఆకు కప్పి కూర్చుంది. పోకచెట్టుకు ఎండే లేకుండా పోయింది. పున్నం నాడు ఒక మట్ట ఊడి పడింది.

"ఇంటికొచ్చిన చుట్టం యజమాని నెత్తినెక్కితే ఇలాగే ఉంటుంది" అంది పేరిందేవి. వరాలు ఏడుస్తూ తీగను ఊడబెరికింది.

ఆ తర్వాత చేమదుంపలు నాటింది. చేమ పైకి పాకదు కదా అని. పాకలేదు. కానీ దానికి ఎప్పుడూ కాళ్ళ కింద బురద ఉండాలి. చేమ వాడినప్పుడల్లా వరాలు నీళ్ళు పోసింది. చేమ ఆకులు ఏనుగు చెవుల్లా విచ్చుకున్నాయి. పోకచెట్టు వేళ్ళు మాత్రం నాని నాని కుళ్ళు వాసన పట్టాయి. రెండో పున్నం నాడు రెండో మట్ట ఊడింది.

ఇంక మిగిలింది ఒక్కటే మట్ట.

ఆ సాయంత్రం వీరాసామి గట్టు మీద పాత గుంజల కోసం చూసి వచ్చాడు. చెట్టు పోతే పాక అక్కడే వేసుకోవాలి కదా. వరాలు కంచంలో అన్నం అలాగే పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు వీరాసామి కూతురి పక్కన కూర్చుని అడిగాడు, "లెక్కల తల్లీ, నా పడవలో ఎంతమందిని ఎక్కిస్తాను?"

"పన్నెండు మందిని."

"పన్నెండు మందీ ఒకే పక్క కూర్చుంటేనో?"

"బోల్తా పడుతుంది."

"ఒకడు నా తెడ్డు లాక్కుంటేనో?"

వరాలు తల ఎత్తింది. ఆనప తెడ్డు లాక్కుంది. చేమ పడవలోకి నీళ్ళు తెచ్చింది. మరి పడవలో బుద్ధిగా, ఎవరి చోట వాళ్ళు, చిన్నగా ఒదిగి కూర్చునేదెవరు? పోకకు ఎంత దాహమో అంతే దాహం ఉన్నదెవరు? పోక నీడలోనే బతకగలిగేదెవరు?

మర్నాడు లంకంతా తిరిగి వెతికింది. విరుగు కింద ఉన్న పొన్నగంటిని మొదట పిలిచింది. అది నేల మీద చాపలా పరుచుకుంటుంది. ఆ తర్వాత కాలవ వార నుంచి సరస్వతాకు తెచ్చింది. అది అంచు వెంట పాకుతూ గోలెం బయటికి వేలాడుతుంది. ఆ తర్వాత పేరిందేవి దొడ్లోంచి కనకాంబరం కొమ్మలు మూడు అడిగి తెచ్చింది. అది కాస్త నీడలోనే పూస్తుంది, మోకాలి ఎత్తు దాటదు.

కుళ్ళిన బురద తీసేసి, ఏటి ఒండ్రు, పాత పెంట కలిపి పోసింది. మానుకు జానెడు దూరం వదిలి, దాని వేళ్ళు కదలకుండా, చుట్టూ గుండ్రంగా నాటింది. తల్లి చుట్టూ పిల్లలు కూర్చున్నట్టు. రోజూ వేలు పెట్టి చూసి, వేలు పొడిగా వస్తేనే నీళ్ళు పోసింది.

పొన్నగంటి కణుపు కణుపుకూ వేరు దించింది. సరస్వతాకు అంచు దాటి తొంగి చూసింది. కనకాంబరం చిగురు వేసింది. పోకచెట్టు మాత్రం కదల్లేదు, మెదల్లేదు. ఉన్న ఒక్క మట్ట కొస నుంచి పసుపుపచ్చగా మారుతూ వచ్చింది.

మూడో పున్నం వచ్చింది. తెల్లవారగానే అచ్చియ్యమ్మ పేడ తట్ట పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. వరాలు గోలేన్ని రెండు చేతులా వాటేసుకుని నిలబడింది. పేరిందేవి దడి దగ్గర నిలబడింది. తల్లి చెయ్యెత్తి ఆ ఆఖరి మట్టను తాకింది. తాకిందో లేదో, అది డొప్పతో సహా ఊడి ఆమె చేతిలోకి వచ్చేసింది.

"అయిపోయింది" అంది అచ్చియ్యమ్మ. తట్ట జారిపోయింది.

"అమ్మా," అంది వరాలు గుసగుసగా, "పైకి చూడు."

మట్ట డొప్ప ఊడిన చోట, ఇన్నాళ్ళూ దాని లోపల దాక్కుని, నిటారుగా ఒక మొవ్వాకు నిలబడి ఉంది. చిలక రెక్కంత పచ్చగా. ఈటె మొనంత సూటిగా. నీటి బొట్టు ఒకటి దాని కొస మీద వణుకుతోంది.

పొద్దు పైకొచ్చింది. ఎండ మొవ్వాకు మీద పడింది. అప్పుడు అది మెల్లగా, చాలా మెల్లగా, మడత మడతగా విచ్చుకోవడం మొదలుపెట్టింది. ఒక మడత, రెండు మడతలు, మూడు. విసనకర్ర ఎవరో లోపలినుంచి తెరుస్తున్నట్టు. వరాలు ఎనిమిది వరకు లెక్కపెట్టింది, ఆ తర్వాత లెక్క మరిచిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల లెక్క మరిచిపోవడం అదే మొదటిసారి.

అచ్చియ్యమ్మ కిందపడిన పేడను తట్టకెత్తి తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పారబోసి వచ్చింది. వచ్చి పొన్నగంటి ఆకు మీద అరచెయ్యి పెట్టి, నిద్రపోతున్న పిల్లను తడిమినట్టు తడిమింది. "అరిచేత్తో చంపుకునేదాన్నే" అంది.

అయిపోయిందనుకున్నావా? ఇంకా ఉంది. కళ్ళు మూసుకునే ఊ కొట్టు.

శ్రావణం వచ్చింది. ఒడ్డున పాతిన గుంజకు మూడు గాట్లుంటాయి. మూడో గాటు తడిసిందంటే బయలుదేరాలి. తడిసింది. ఇరవై రెండు గోలేలూ పడవలెక్కాయి. ఏరంతా ఎర్రగా, చెట్లనూ దుంగలనూ దొర్లించుకుంటూ పోతోంది. ఆ ఎర్రనీళ్ళ మీద పచ్చగా పోకచెట్లు వరసగా నడిచిపోతుంటే, అడవే పడవెక్కి ప్రయాణమైనట్టుంది.

వీరాసామి పడవ గట్టు చేరబోతోంది. అప్పుడు ఒక సుడి పడవను పట్టి గిర్రున తిప్పింది. పడవ రాతి గట్టుకు కొట్టుకుంది. గోలెం రాతికి తగిలింది. ఫెటేల్! మూడు ముక్కలైపోయింది.

"నా చెట్టు!" అని అచ్చియ్యమ్మ కేక వేసింది. గట్టు మీద జనం కళ్ళు మూసుకున్నారు. గోలెం పగిలితే ఏమవుతుందో వాళ్ళందరికీ తెలుసు. మట్టి జావలా కారిపోతుంది, వేళ్ళు బయటపడతాయి, చెట్టు పక్కకు ఒరిగిపోతుంది. అంతకు ముందు రెండిళ్ళవాళ్ళు అలాగే లంకను వదులుకున్నారు.

కళ్ళు తెరిచి చూస్తే చెట్టు నిలబడే ఉంది.

గోలెం లేదు. మట్టి మాత్రం గోలెం ఆకారంలోనే, గుండ్రంగా, పిడికెడు కూడా రాలకుండా నిలిచి ఉంది. దాని ఒంటి నిండా తెల్లటి సన్న వేళ్ళు. పొన్నగంటి వేళ్ళు అడ్డంగా, సరస్వతాకు వేళ్ళు నిలువుగా, కనకాంబరం వేళ్ళు ఏటవాలుగా, బుట్ట అల్లినట్టు అల్లుకుని ఆ మట్టిని పట్టుకున్నాయి. ఆ బుట్ట నడుమ పోకచెట్టు, రెండు కొత్త మట్టలు గాలికి ఊపుకుంటూ. కింద కనకాంబరాలు ఎర్రగా పూసి, ఏం జరిగిందో తమకు తెలియనట్టు తలలాడిస్తున్నాయి.

గట్టు మీద ఒక ముసలాయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎవరు మొక్కమన్నారో ఏమో, పిల్లలు చేతులు జోడించారు.

ఆ తర్వాత నలుగురు మగాళ్ళు దిగి, తుంగచాప చుట్టి, పసిబిడ్డను ఎత్తినట్టు చెట్టును గట్టెక్కించారు. పేరిందేవి నోటి మీద పెట్టుకున్న చెయ్యి అప్పుడు తీసింది. "ఏమే లెక్కల పిల్లా, నా కనకాంబరాలు పట్టుకెళ్ళావుగా. నాకో పొన్నగంటి కొమ్మ ఇవ్వవే" అంది.

"నాకు కూడా, నాకు కూడా" అన్నారు అందరూ. వరాలు వేళ్ళు ముడిచి లెక్క వేసింది. "ఇరవై ఒక్క ఇళ్ళు. ఇంటికి మూడు కొమ్మలు. అరవై మూడు. అమ్మా, కొడవలి ఇలా తే!"

నీళ్ళు తీశాయి. అందరూ లంకకు తిరిగి వచ్చారు. వీరాసామి కొత్త గోలెం తెచ్చి చెట్టును అందులో దింపాడు, పాక అక్కడే వేశాడు. వరాలు మాత్రం ఒడ్డున నిలబడి చూస్తోంది. బోడిగా ఉన్న ఒడ్డు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి దబ్బున నీళ్ళలో పడుతోంది. నాలుగు రెల్లు దుబ్బులున్న చోట మాత్రం పడటం లేదు.

"నాన్నా," అంది, "మన లంక కూడా గోలెం పగిలిన చెట్టే కదా. దీన్ని పట్టుకునే వేళ్ళు ఏవి?"

వీరాసామి ఈసారి నవ్వలేదు. పలుగు భుజాన వేసుకున్నాడు. లంక చుట్టూ అంచు వెంట అందరూ కలిసి రెల్లు నాటారు, వట్టివేరు నాటారు, వాటి కింద పొన్నగంటి పరిచారు.

ఉగాది వచ్చింది. వరాలు తెడ్డు పట్టుకుని కొలిచింది. నూట తొంభై. పడవ చెక్క మీది బొగ్గు అంకె చూసుకుంది. అదీ నూట తొంభయ్యే. ఒక్క తెడ్డు కూడా తగ్గలేదు. ఆ పై ఉగాదికి మళ్ళీ కొలిచింది. లెక్క తప్పిందేమోనని రెండోసారి కొలిచింది. మూడోసారి నాన్న చేత కొలిపించింది.

నూట తొంభై ఒకటి.

వరదలో వచ్చిన ఒండ్రును ఆ చిన్న చిన్న వేళ్ళు జల్లెడలా పట్టి ఉంచేశాయి. అంత పెద్ద గోదారి, ఇన్నేళ్ళూ తినడమే తెలిసిన గోదారి, తెడ్డెడు నేల తిరిగి ఇచ్చింది. వరాలు ఆ కొత్త నేల మీద చెప్పులు విప్పి, మెల్లగా అడుగు పెట్టింది. అంతకు ముందు ఎవరూ నడవని నేల కదా.

పడుకున్నావా? లేదా? సరే. నువ్వు పీకేసిన పొన్నగంటిని నేను పారెయ్యలేదు. చెంబులో నీళ్ళు పోసి కిటికీలో పెట్టాను. రేపు లేవగానే మనిద్దరం నాటుదాం. మానుకు జానెడు దూరంలో. నీ జానా, నా జానా అంటావేమో, నీ జానే. చిన్న కుండీ కదా మనది.

కథ నడిచి నడిచి కంచికి చేరింది,
పోక మొవ్వు విచ్చి విసనకర్ర వీచింది,
గోదారి గట్టు వార గుట్టుగా ఒదిగింది,
మా చిట్టి రెప్ప వాల్చి మన ఇంటికొచ్చింది.